ఎడమ పక్క నరం

ఆగండి ఆగండి, అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ఓ పావుగంట కూర్చుని నేను చెప్పేది వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వేసుకోండి, మొహమాటం వద్దు. మేమూ నవ్వాం, ఏడవాల్సిన చోట కూడా. కాకపోతే చివర్లో మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. అప్పుడు మాత్రం తప్పించుకోకూడదు.

ఇదంతా యూనిఫారాల సీజన్లో జరిగింది. మా నాన్న దర్జీ. బడులు తెరిచే ముందు రెండు నెలలూ మా కొట్టు నిండా గళ్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, ఎర్ర టైలు. కటింగు బల్ల దగ్గర నాన్న, మిషను మీద అమ్మ, గుమ్మం పక్కన స్టూలు మీద కాజాల బాబాయి. ఈయన మాకు చుట్టమేం కాదు. ముప్పై ఏళ్లుగా కాజాలు కుడుతూ, బొత్తాలు వేస్తూ, వచ్చినవాళ్ల కబుర్లన్నీ వింటూ అలా బాబాయి అయిపోయాడు. నాకు కాలేజీ సెలవులు కాబట్టి చొక్కాలు మడతపెట్టి కవర్లో పెట్టడం నా డ్యూటీ.

ఆ సీజన్లో నాన్నకి ఒక కొత్త అలవాటు మొదలైంది. కస్టమరు ఛాతీ కొలత తీసుకుని నడుము దగ్గరికి వచ్చేలోపు ఒకసారి బాత్రూముకి వెళ్లొచ్చేవాడు. ఆ కస్టమరు చేతులు అలా గాల్లోనే పెట్టుకుని నిలబడి ఉండేవాడు పాపం.

"ఏంటన్నా, ఛాతీకీ నడుముకీ మధ్య ఇన్ని ప్రయాణాలేంటి?" అన్నాడు బాబాయి.

"నీ కాజాలు నువ్వు చూసుకో."

"నా కాజాలు ఎక్కడికీ పోవు. నువ్వే పోతున్నావ్, గంటకి నాలుగుసార్లు."

చివరికి బాబాయే నాన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి రక్తపరీక్ష చేయించాడు. అందులో ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన ఓ అంకె ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువొచ్చింది. మాటిమాటికీ బాత్రూముకి పోవడం వయసుతో వచ్చే వాపు వల్లనట, అది పెద్ద విషయం కాదట, కానీ ఈ అంకె సంగతి మాత్రం తేల్చాలి, ఎమ్మారై తీయించండి అన్నారు అక్కడి డాక్టరు.

ఎమ్మారై అనగానే నేను రెక్కలు కట్టుకున్నాను. నాకో జబ్బుంది. ఏ విషయమైనా రెండ్రోజులు నెట్లో చదివితే మూడో రోజుకి నాకు అందులో అంతా వచ్చేసినట్టే ఉంటుంది. "పేద్ద అయస్కాంతం నాన్నా! శరీరాన్ని ముక్కలు ముక్కలుగా కోసినట్టు చూపిస్తుంది, కొయ్యకుండానే!" అని నేను ఊగిపోతుంటే నాన్న కత్తెర కింద పెట్టి, "కొయ్యకుండా ముక్కలా? మరి మన బతుకేం గాను?" అన్నాడు.

స్కానింగు గదిలో ఒక కుర్ర టెక్నీషియన్ ఉన్నాడు. ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేదన్నాడు నాన్న. నిజమే, లోపలికెళ్లి ఆసుపత్రి గౌను వేసుకుని, తన బట్టలన్నీ నా చేతికిచ్చాడు. అయినా ఆ అబ్బాయి చేతిలో కర్రలాంటి పరికరాన్ని నాన్న వీపు దగ్గర పెట్టగానే అది కీచుమని అరిచింది.

"సార్, వెనక్కి తిరగండి."

నాన్న తిరగలేదు. "వెనక ఏముంది, ఏమీ లేదు."

"తిరగండి సార్."

తిరిగాడు. గౌను వెనక భాగం మెడ నుంచి కింద దాకా కాలర్లో ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే పదకొండు గుండుసూదులతో, తొడుక్కోకముందే నీట్‌గా, సమాన దూరంలో బిగించి ఉంది.

"ఏంటి సార్ ఇది!"

"ఏంటి అంటే? దీన్ని కుట్టినవాడు వెనక కుట్టడం మర్చిపోయాడు బాబూ. ఆడపిల్లలు తిరిగే చోట ఇలా ఎలా వస్తాను? చూడు, చంక దగ్గర కూడా తప్పే."

"సార్, అది అయస్కాంతం! ఈ సూదులు తుపాకీ గుళ్లలా పోతాయి!"

ఒక్కో సూదీ తీసి ఆ అబ్బాయి ట్రేలో పెడుతుంటే నాన్న ఒక్కోదాన్నీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఆ గొట్టంలోకి పంపించారు. నలభై నిమిషాలు కదలకూడదు, లోపల చప్పుడు భరించలేనట్టు ఉంటుంది, భయమేస్తే చేతిలో బెల్లు నొక్కండి అని చెప్పారు. అరగంట తర్వాత టెక్నీషియన్ బయటికొచ్చి నన్ను పిలిచాడు. నాన్న బట్టలన్నీ కుర్చీలో పడేసి పరిగెత్తాను.

"మీ నాన్నగారు గురక పెడుతున్నారమ్మా," అన్నాడు. "నా సర్వీసులో మొదటిసారి."

బయటికొచ్చాక అడిగితే, "ఆ చప్పుడు అచ్చం అంచులు కుట్టే మన ఓవర్‌లాక్ మిషనేనే. నాకు కొట్లో ఉన్నట్టే అనిపించి కునుకు పట్టేసింది," అన్నాడు. అంత కదలకుండా పడుకున్నాడు కాబట్టి బొమ్మలు అద్దంలా వచ్చాయట.

ఆ బొమ్మల్లో ఒక నల్లటి మచ్చ కనిపించింది. సూదితో అందులోంచి ముక్క తీసి చూశారు. కాన్సర్ అని తేలింది. ఆ రోజు అమ్మ పదకొండు నిక్కర్లకి జిప్పులు తలకిందులుగా కుట్టింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని అన్నీ విప్పింది. కాజాల బాబాయి ఆ రోజంతా ఒక్క కబురూ చెప్పలేదు, దాంతో కస్టమర్లకి అనుమానం వచ్చేసింది.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ చాలా చిన్నావిడ. "నా కత్తెర వయసు కూడా ఉండదు," అని నాన్న నా చెవిలో గొణిగాడు. ఆవిడ కంప్యూటరు తెర మా వైపు తిప్పి మొదలుపెట్టింది. గ్రంథి మొత్తం తీసెయ్యాలి. మచ్చ ఇంకా లోపలే ఉన్నట్టుంది, అది మంచి విషయం. కానీ ఒక పక్క అంచుకి ఆనుకుని ఉంది. గ్రంథికి అటోటి ఇటోటి, పల్చటి వలలాగా, నరాల కట్టలు అతుక్కుని ఉంటాయి.

"వాటిని జాగ్రత్తగా ఒలిచి వదిలేస్తే తర్వాత మూత్రం మీద పట్టు తొందరగా వస్తుంది. ఇంకా..." అని ఆవిడ ఆగి నా వైపు చూసింది. "అమ్మాయి కాసేపు బయట కూర్చుంటుందా?"

"పర్లేదు డాక్టర్‌గారూ, నేనంతా చదివేశాను," అన్నాను.

నాన్న సీలింగు ఫ్యాను వైపు చూశాడు. అమ్మ నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఇంకా, దాంపత్యానికి సంబంధించి కూడా ఆ నరాలే ముఖ్యం," అంది డాక్టరమ్మ. "మచ్చ ఆనిన పక్క నరాన్ని ఉంచితే ఆ ప్రయోజనాలన్నీ ఎక్కువ. కానీ కాన్సర్ ఒక పోగు అక్కడే మిగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. తీసేస్తే ఆ భయం తక్కువ. ఇంకో రెండు వారాల్లో ఆపరేషన్. ఈలోపు మీరిద్దరూ మాట్లాడుకోండి."

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే ఇంకేం. ఇంటికెళ్లేదాకా ఆటోలో ముగ్గురం మూడు పక్కలకి చూస్తూ కూర్చున్నాం.

కొట్లో మాత్రం నేను ఆగలేదు. స్కానింగు వాళ్లిచ్చిన సీడీ కంప్యూటర్లో పెట్టి తెరిచాను. తెర మీద కుడి చేతి వైపు ఉంది మచ్చ. "చూశావా నాన్నా, నీ కుడి పక్క!"

నాన్న కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగాడు. "ఇది మనిషికి ఎదురుగా నిలబడి చూసినట్టా, లేకపోతే మన ఒంటి మీద మనం చూసుకున్నట్టా?"

"అబ్బా నాన్నా, కంప్యూటరుకి ఎదురేంటి, వెనకేంటి! కుడి పక్క కనిపిస్తే కుడి పక్కే."

"కాదే, నేను కొలతలు తీసుకునేటప్పుడు ఎదుటివాడి ఎడమ భుజం నా కుడి చేతి..."

"అది టేపు. ఇది ఎమ్మారై."

చదువుకున్న పిల్ల చెప్తోంది కదా అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నతో నా మతి పోయింది. "ఈ ఒక్కో బొమ్మ ఎంత మందం?"

"మూడు మిల్లీమీటర్లు. గ్రంథిని అడ్డంగా మూడేసి మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట."

"అయితే ఇవి కటింగు ముక్కలు. ముక్కలుంటే కుట్టొచ్చు."

నిజం చెప్తున్నాను, ఆ మర్నాడే మొదలుపెట్టేశాడు. బయట రెండొందల చొక్కాలు వేచి చూస్తుంటే! నాచేత బొమ్మలన్నీ నాలుగు రెట్లు పెద్దవి చేయించి ప్రింట్లు తీయించాడు. భుజాల్లో పెట్టే స్పాంజిని పన్నెండు మిల్లీమీటర్ల మందం చూసి తెచ్చాడు. ఒక్కో ప్రింటూ స్పాంజి మీద పెట్టి, సుద్దతో గీసి, కత్తిరించి, వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చి దారంతో బిగించాడు. పైన బూడిదరంగు కోటు బట్ట తొడుగు. మచ్చ ఉన్న ముక్కల్లో ఆ మేరకి స్పాంజి తీసేసి ఎర్ర టై గుడ్డ కూరాడు. అటూ ఇటూ నరాలకి, బట్టల అంచున కుట్టే పసుపు పైపింగు పట్టీ. నాలుగు రోజుల్లో ఓ చిన్న పుచ్చకాయంత వస్తువు తయారై కటింగు బల్ల మీద కూర్చుంది.

ఒకాయన పిల్లాడి నిక్కరు కోసం వచ్చి, "ఏంటండీ అది, దిండా?" అన్నాడు.

"అన్నయ్య పార్టు," అన్నాడు కాజాల బాబాయి కాజా మీంచి తల ఎత్తకుండా. "నాలుగు రెట్లు పెద్దది. అసలుది ఇంత ఉండదులెండి."

"నువ్వు నోరు ముయ్యరా!" అన్నాడు నాన్న. కానీ ఆ సాయంత్రమే ఇంకో ఇద్దరు పెద్దమనుషులకి ఆయనే దాన్ని తిప్పి తిప్పి చూపించడం నేను చూశాను.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను, వినండి. నమూనా పూర్తయ్యాక దాంట్లో కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని స్కానింగు రిపోర్టు చదివాను. అందులో మచ్చ ఎడమ పక్క అని ఉంది. ఎడమ! నా రక్తం సలసలా కాగింది. ఇంత పెద్ద ఆసుపత్రి, కుడి ఎడమలు తెలీవా? రేపు ఆపరేషన్లో నాన్నకి మంచి పక్క కోసేస్తే? పరిగెత్తాను.

రికార్డుల కౌంటర్లో ఒక పెద్దావిడ ఉంది. కళ్లజోడు ముక్కు చివర నిలబడి ఉంది. "రిపోర్టు పెద్ద డాక్టరుగారు రాశారమ్మా," అంది.

"పెద్దవాళ్లు పొరపాటు చెయ్యరా?"

"చేస్తారు. కానీ ఈయన ఇరవై రెండేళ్లుగా ఇవే చూస్తున్నారు."

"నేను నాలుగు రోజులుగా ఇదే చూస్తున్నాను, ఇంకేం చూడకుండా!"

ఆవిడ నన్ను కాసేపు చూసి, ఒక తెల్ల కాగితం ఇచ్చింది. "రాసివ్వు, ఫైల్లో పెడతాను."

రాశాను. పేజీన్నర. 'నిర్లక్ష్యం' అనే మాట కింద రెండు గీతలు గీశాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే అమ్మ నన్ను పట్టుకుని, "నా తల్లే, నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది," అంది. ఆ రాత్రి నుంచి నాన్న, కుడి పక్క నలక్కూడదని, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇక ఆ నరం సంగతి. గొడవ అన్నం దగ్గర మొదలైంది.

"రెండు నరాలూ ఉంచమని చెప్తాను," అన్నాడు నాన్న. "నాకేం వయసైపోయింది?"

"ఎందుకూ? మొత్తం తీసెయ్యమనండి. మీరు బతికుంటే చాలు నాకు."

"బతికుంటే చాలా? అంటే నేను చిలక్కొయ్యకి తగిలించిన కోటులా వేలాడుతూ ఉంటే నీకు చాలా?"

"మీకు ప్రాణం కంటే మగతనమే ఎక్కువైతే అలాగే చెప్పుకోండి!"

పిల్ల ఎదురుగా ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను పెరుగు గిన్నెలోకి చూశాను. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా నేనే పోస్టుమాన్ని. 'మీ నాన్నని మందు వేసుకోమను', 'మీ అమ్మని కాలర్లు ఎన్నయ్యాయో అడుగు'. ఇద్దరి మధ్యా ఉన్న దూరం నాలుగడుగులు.

రెండ్రోజుల తర్వాత అమ్మ నన్ను ట్రయల్ గదిలోకి లాగి కర్టెన్ వేసింది.

"డాక్టరమ్మకి నువ్వు విడిగా చెప్పు. వీలైనంత వరకూ నరం ఉంచమని."

"అదేంటమ్మా, నువ్వు తీసెయ్యమన్నావ్‌గా!"

"ఆయన ఎదురుగా ఉంచమని ఎలా అంటానే? ఏమనుకుంటాడు?" అమ్మ ముఖం ఎర్రబడింది. "అది కాదు. రోజంతా జనం ముందు టేపు పట్టుకుని నిలబడే మనిషి. ఒక్కసారి ప్యాంటు తడిస్తే చాలు, మళ్లీ కొట్టు తలుపు తియ్యడు. నాకు తెలుసు ఆయన సంగతి. కానీ నేనన్నానని చెప్పకు, ఒట్టు."

ఒట్టేశాను. అదే రోజు సాయంత్రం బట్టల షాపుకి లైనింగు కోసం వెళ్తుంటే నాన్న దారిలో స్కూటరు ఆపాడు.

"డాక్టరమ్మకి నువ్వో మాట చెప్పాలి. ఆ పక్క మొత్తం తీసెయ్యమను. పోగు కూడా ఉంచొద్దను."

"నాన్నా! ఉంచమని ఇల్లంతా ఎగిరావ్‌గా!"

"ఎగిరానంటే... వెంటనే సరే అంటే మీ అమ్మకి నేను భయపడ్డానని తెలిసిపోదూ? అది అసలే అర్ధరాత్రి లేచి నా ఊపిరి చూస్తోంది. బతికుంటే చాలంది కదా. బతుకుతాను. అంతకంటే నాకేం కావాలి?" స్కూటరు మళ్లీ స్టార్ట్ చేశాడు. "కానీ నేనన్నానని చెప్పకు, ఒట్టు."

రెండో ఒట్టు. మీరే చెప్పండి, నా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో.

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నాన్న సంచిలోంచి నమూనా తీసి ఆవిడ టేబుల్ మీద పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఎర్ర గుడ్డ మీద వేలు పెట్టింది.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా. మా అమ్మాయి స్కాన్ చదివి చెప్పింది."

"అద్భుతం. కొలతలన్నీ కరెక్ట్. ఒక్కటే ఇబ్బంది." ఆవిడ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. నా పేజీన్నర. కింద రెండు గీతలు నాకు ఇక్కడికే కనిపిస్తున్నాయి. "ఇది కుడి ఎడమైపోయింది. స్కాన్‌ని పేషెంట్ కాళ్ల దగ్గర నిలబడి తల వైపు చూస్తున్నట్టు చూడాలి. తెర మీద మన కుడి పక్కన ఉన్నది ఆయన ఎడమ."

నాన్న మెల్లగా అన్నాడు, "అంటే కస్టమరుకి ఎదురుగా నిలబడి టేపు పట్టుకున్నట్టు."

"సరిగ్గా అంతే."

నాన్న నా వైపు తిరిగాడు. తిట్టలేదు. "నేను అడిగానే," అన్నాడు అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఐదేళ్లుగా ఎదుటి మనిషి ఎడమ భుజాన్ని కుడి చేత్తో పట్టుకున్న మనిషికి నేను, నాలుగు రోజుల చదువుతో, కుడి ఎడమలు నేర్పాను. పైగా ఇరవై రెండేళ్ల అనుభవమున్న డాక్టరుకి నిర్లక్ష్యం అంటగట్టాను.

"ఏ మచ్చా లేని కుడి పక్క నొప్పిగా ఉన్నట్టు కూడా అనిపించింది నాకు," అన్నాడు నాన్న డాక్టరమ్మతో. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ కూడా. చివరికి నేనూ.

నాన్న మాత్రం నవ్వుతూనే జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. తొడుగు విప్పి, దారం తెంపి, స్పాంజి ముక్కలన్నీ టేబుల్ మీద వరసగా పరిచి, ఒక్కో ముక్కనీ బోర్లా తిప్పి, మళ్లీ అదే వరసలో పేర్చాడు. ఐదు నిమిషాలు. బయట పేషెంట్లు తలుపు తోస్తున్నా ఆవిడ కదల్లేదు. ఎర్ర గుడ్డ ఇప్పుడు ఎడమ పక్కకి వచ్చింది.

"ఇక్కడ చూడండి," అంది ఆవిడ, ఎరుపు అంచుని తాకే చోట పెన్ను పెట్టి. "ఇక్కడ నాకు జాగా లేదు."

"కుట్టు మార్జిన్ లేదు," అన్నాడు నాన్న.

"ఆ, అదే. కుడి నరం మొత్తం ఉంచుతాను, అందులో సందేహం లేదు. ఎడమ పక్క కావాలంటే ఎరుపు ఆనిన చోట మాత్రం తీసి, మిగతాది ఉంచడానికి ప్రయత్నించొచ్చు. లేదా ఎడమ పక్క మొత్తం తీసెయ్యొచ్చు. స్కాన్‌కి కనిపించినంతే నేను చెప్పగలను. కనిపించని పోగు దాటి ఉంటే అది చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?"

"ఉంచండి," అన్నాడు నాన్న గట్టిగా.

"తీసెయ్యండి," అంది అమ్మ ఇంకా గట్టిగా.

అని ఇద్దరూ నా వైపు చూశారు. అమ్మ కళ్లు 'చెప్పు' అంటున్నాయి. నాన్న కళ్లూ 'చెప్పు' అంటున్నాయి. నా చేతిలో రెండు ఒట్లు, ఎదురుగా నా పేజీన్నర. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు ఏమీ తెలీదనిపించింది. నోరు విప్పలేదు.

డాక్టరమ్మ మా ముగ్గురినీ ఒకసారి చూసి పెన్ను మూత పెట్టింది. "శరీరం ఆయనది కదా. మీరిద్దరూ బయట కూర్చోండి."

కారిడార్లో అమ్మ నా చెయ్యి నలిపేసింది. "చెప్పావా? విడిగా ఫోన్ చేసి అయినా చెప్పావా?"

"లేదమ్మా."

"ఎందుకే?"

"ఈమధ్య నేను ఎవరికైనా ఏదైనా చెప్తే తేడా వస్తోంది."

పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. నాన్న ఖాళీ సంచితో బయటికొచ్చి, "మంచినీళ్లు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. నమూనా ఏదంటే డాక్టరమ్మ ఉంచుకుందన్నాడు. అంతే.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. అమ్మ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఇరవై నిక్కర్ల అంచులు మడిచి కుట్టింది. కాజాల బాబాయి ఎదురుగా కూర్చుని, చేతిలో పని లేక, పక్కవాళ్ల చొక్కాల్లో వదులైన బొత్తాలన్నీ అడిగి మరీ బిగించాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, "అనుకున్నట్టే అయింది," అంది. ఎవరు అనుకున్నట్టు అయిందో అమ్మ అడగలేదు. ఏడ్చేసింది.

పన్నెండు రోజులకి అసలు రిపోర్టు వచ్చింది. ఆ రోజే బడులు తెరిచారు. కొట్టు ముందు తల్లిదండ్రులు బారులు తీరారు కాబట్టి అమ్మ రాలేదు. నాన్నా నేనూ వెళ్లాం. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఏమీ మిగల్లేదంది డాక్టరమ్మ. తర్వాత ఒక మాట చెప్పింది. తీసేసిన ఎడమ నరంలోకి కాన్సర్ అర మిల్లీమీటరు చొచ్చుకుపోయి ఉందట. ఎరుపు ఆనిన చోట కాదు, దానికి కొంచెం పైన. స్కాన్‌కి అందని చోట. నరం ఉంచి ఉంటే అదీ అక్కడే ఉండిపోయేది.

బయట ఆటో కోసం చూస్తూ నాన్న, "లోపల ఆ రోజు ఎడమ పక్క మొత్తం తీసెయ్యమనే చెప్పాను," అన్నాడు. "మీ అమ్మ అదే కదా అడిగింది. కానీ దానికి చెప్పకు. తన మాట పట్టుకుని నేను అంత వదులుకున్నానని తెలిస్తే కూర్చుని ఏడుస్తుంది."

అమ్మ రహస్యం నేను ముందే నాన్న చెవిన వేసి ఉంటే? 'అమ్మకి నిజానికి ఉంచమనే ఉంది' అని ఒక్క మాట అని ఉంటే? ఆయన లోపల ఇంకోలా చెప్పి ఉండేవాడా? చెప్పి ఉంటే ఆ అర మిల్లీమీటరు ఇప్పుడు ఎక్కడుండేది?

నాన్న ఇప్పుడు బాగున్నాడు. రోజుకి మూడుసార్లు, ఎవరికీ తెలీకుండా చేస్తున్నాననుకుంటూ, డాక్టరమ్మ చెప్పిన కండరాల వ్యాయామం చేస్తాడు. అప్పుడు ఆయన ముఖం చూసి కస్టమర్లు తమ కొలత ఏదో తేడాగా వచ్చిందనుకుని కంగారుపడతారు. ప్యాంట్లో లోపల ఒక చిన్న జేబు కుట్టుకుని అందులో ప్యాడు పెట్టుకుంటున్నాడు. మొన్న డాక్టరమ్మ ఆ జేబు చూసి ఇంకో ఆరుగురు పేషెంట్లని మా కొట్టుకి పంపింది. వాళ్లూ, నాన్నా, కాజాల బాబాయీ కలిసి గుమ్మంలో ఏం మాట్లాడుకుంటారో గానీ నేను వెళ్తే టక్కున ఆపేస్తారు.

కానీ అమ్మా నాన్నల మధ్య ఆ నాలుగడుగులు అలాగే ఉన్నాయి. ఆ రోజు అన్నం దగ్గర అనుకున్న రెండు మాటలూ ఇంకా అక్కడే కూర్చున్నాయి. రెండు నరాలూ ఉంచుకున్నాడనే అమ్మ అనుకుంటోంది, ఆయనకి ప్రాణం మీద కంటే మగతనం మీదే మక్కువ అని. ఆవిడకి తను బతికుంటే చాలని, ఇంకేం అక్కర్లేదని నాన్న అనుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తమ మాట పూర్తిగా మార్చేసుకున్నారని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

ఇవాళ పొద్దున అమ్మ మిషను చక్రం చేత్తో పట్టి ఆపి, నా వైపు తిరిగింది.

"నిజం చెప్పవే. ఆ రోజు లోపల ఆయన డాక్టరమ్మకి ఏం చెప్పాడో నీకు తెలుసు కదూ?"

ఆవిడ వెనకాల కటింగు బల్ల దగ్గర నాన్న కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆయన నా వైపు చూస్తూ వద్దు వద్దని తల ఊపుతున్నాడు. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, ఏదో ఒకటి నేను చెప్పేదాకా చక్రం వదలనన్నట్టు. నోరు విప్పి ఒకసారి అంత పరువు పోగొట్టుకున్నాను, నోరు మూసుకుని ఒకసారి నాన్నని దక్కించుకున్నాను. అలాగని ఈ ఇద్దరినీ ఇలాగే వదిలెయ్యనా?

చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?